సీవెర్ట్ బావ పాట పంపని ఏడాది

మెల్లో, అంటే మా దేశమంతా ఏటా చలికాలంలో చూసే టీవీ పాటల పోటీ, దాని నిబంధనలు మారాయని రేడియోలో చెప్పిన పొద్దున నేను బేకరీలో దాల్చినచెక్క రొట్టెలు పొయ్యిలోంచి తీస్తున్నాను. వార్తలు చదివే ఆవిడ గొంతులో ఏ బాధా లేదు. వచ్చే ఏడాది పోటీలో మామూలు జనం పంపే పాటలకు చోటు ఉండదనీ, పేరున్న రచయితలను టీవీ వాళ్లే పిలిచి పాటలు అడుగుతారనీ, ఓట్లు లెక్కేసే పద్ధతి కూడా మారుతుందనీ చెప్పేసి వెంటనే వాతావరణంలోకి వెళ్లిపోయింది. నా చేతిలో రేకు పళ్లెం అలాగే ఉండిపోయింది. ముందు తిట్టాను. ఏమని తిట్టానో ఇక్కడ రాస్తే బాగుండదు. తర్వాత నాలుగు రొట్టెలు సంచిలో పడేసుకుని, దుకాణానికి తాళం వేసి, మా బావ ఇంటికి పరుగెత్తాను. ఊళ్లో ఎవరైనా పోతే పరామర్శకు వెళ్తామే, అచ్చం అలాగే.

మా బావ సీవెర్ట్ ఎడ్లుండ్ అంటే మా ఓసెలెలో పసిపిల్లకైనా తెలుసు. ఊరి బయటివాళ్లకే చెప్పాలి. మా అక్క మాయ్‌లిస్ మొగుడు. మునిసిపాలిటీ వారి మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. అకార్డియన్ వాయిస్తాడు. మాట తక్కువ. మా ఉత్తరాదిలో ఔననడానికి నోరు కూడా సరిగ్గా తెరవరు. పెదాలు సన్నగా చేసి గాలి ఒక్కసారి లోపలికి పీలిస్తే ఒప్పుకున్నట్టే. బావకు ఆ పీల్పు బాగా వచ్చు. కాదనడానికి మాత్రం ఆయన దగ్గర ఏ చప్పుడూ లేదు. ఆయన కష్టాలన్నీ అక్కడినుంచే వచ్చాయి.

మేమంతా ముప్పైల్లో ఉన్న రోజుల్లో, ఒక చలికాలం బండి నడుపుతూ బావ ఒక పాట కట్టాడు. మంచు బండి ముందున్న ఇనుప పలక రోడ్డును గీకుతుంటే వచ్చే చప్పుడే దానికి తాళం. గ్యారేజీలో కాఫీ వేళ ఎవరో, "నీకు దమ్ముంటే మెల్లోకి పంపు," అన్నారు. బావ గాలి పీల్చాడు. వంటింట్లో కూర్చుని క్యాసెట్లో పాడి ఇచ్చాడు, అక్క కవర్లో పెట్టి పంపింది. ఆ తర్వాత ఫోనొచ్చింది. పాట ఎంపిక కాలేదు, కానీ రిజర్వులో ఉంచాం, ఎంపికైన వాళ్లలో ఎవరైనా తప్పుకుంటే మీదే చోటు అన్నారు.

ఇక చూడండి మా ఊరి సంబరం. ఆ ఫిబ్రవరిలో మేం చేసిన పాపం ఏ నదిలో మునిగినా పోదు. ఊరు ఊరంతా ఆ గాయకుల్లో ఎవరో ఒకరికి జలుబు చేయాలని కోరుకుంది. ఒకావిడకు గొంతు బొంగురుపోయిందని పేపర్లో పడితే, ఆ రోజు నేను బేకరీలో అందరికీ కాఫీ ఊరికే పోశాను. మర్నాటికి ఆవిడ కోలుకుంది. అయ్యో అన్నవాళ్లలో మా పాస్టరమ్మ కూడా ఉంది. ఎవరూ తప్పుకోలేదు, మా పాట టీవీలో రాలేదు. కానీ మా బావకు "రిజర్వ్ సీవెర్ట్" అని పేరు స్థిరపడింది. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద గౌరవం మళ్లీ ఎప్పుడొస్తుంది?

మరుసటి వేసవి నుంచే మొదలు. కిరాణా కొట్లో, చేపలు పట్టే పడవలో, చర్చి మెట్ల మీద, "ఈసారి కూడా పంపుతున్నావుగా?" అని అడగని మనిషి లేడు. బావ గాలి పీల్చాడు. అప్పట్నుంచి ఏటా సెప్టెంబరులో ఒక పాట. అదో ఊరి పండగైపోయింది. ఆఖరి రోజున జనమంతా బావ వెనక పోస్టాఫీసుకు నడిచేవాళ్లం. పోస్టాఫీసు మూతపడితే కిరాణా కొట్లో పార్సిల్ బల్ల దగ్గరికి. తర్వాత అంతా కంప్యూటర్లోకి వెళ్లాక, ఊరి సభాభవనంలో పెద్ద తెర కట్టి, అందరం గొంతు కలిపి అంకెలు లెక్కపెడితే బావ "పంపు" అనే బొత్తం నొక్కేవాడు. చప్పట్లు, కాఫీ, నేను చేసిన పచ్చ కేకు. ఆ తర్వాత చలి ముదిరాక, పాట ఎంపిక కాలేదని కబురు. మళ్లీ పరామర్శలు. "వచ్చే ఏడాది చూడు సీవెర్ట్!"

నిజం చెప్పాలంటే మొదటిదే పాట. మిగతావి దాని చెల్లెళ్లూ తమ్ముళ్లూ, ఒకరికంటే ఒకరు బక్కచిక్కినవాళ్లు. ఇది అందరికీ తెలుసు. ఒక్కరూ అనలేదు.

ఈ పండగకు బావ చెల్లించుకున్నది ఏమిటో ఎవరూ ఆలోచించలేదు. సెప్టెంబరు మొదటి సోమవారం మా దగ్గర ఎల్క్ దుప్పుల వేట మొదలవుతుంది. పళ్ల డాక్టరు దగ్గర్నుంచి స్కూలు వంటవాడి దాకా అందరూ అడవిలోనే. ఆ రోజుల్లో పన్ను నొప్పి వచ్చినవాడు ఓర్చుకోవాల్సిందే. ఊబినేల అంచున, బావ వాళ్ల నాన్న కూర్చున్న కాపు చోటు ఒకటుంది. వేటలో ఎవరి చోట్లో వాళ్లు కూర్చుని కదలకుండా కాపు కాయాలి. తండ్రి తర్వాత అది బావదే. కానీ వేట సాగే రెండు వారాలూ బావ ఇంటి నేలమాళిగలో కూర్చుని పాట రికార్డు చేసుకుంటూ ఉండేవాడు. ఆ చోట్లో ఏటా ఎవరో ఒకరు అద్దెకున్నట్టు కూర్చునేవారు.

రెండోది మూడు నిమిషాల సంగతి. మెల్లో పాట మూడు నిమిషాలు దాటకూడదు, ఆ నిబంధన మాత్రం ఎన్నడూ మారలేదు. పూర్వం వేసవి శనివారాల్లో డాన్సు పందిట్లో బావ వాల్ట్జ్ ఎత్తుకుంటే, ఆడేవాళ్ల కాళ్లు చాలనేదాకా వాయించేవాడు. ఎప్పుడైతే గుడ్లు ఉడకబెట్టే గంట పక్కన పెట్టుకుని పాటలు కొలవడం మొదలుపెట్టాడో, ఆయన వేళ్లకు అదే అలవాటైంది. ఏ పాటైనా మూడు నిమిషాలకు టక్కున ఆగిపోతుంది. వాళ్ల వంటింట్లో ఆయన వాయిస్తుంటే నేనూ అక్కా చేతులు పట్టుకుని తిరిగేవాళ్లం. సగం చుట్టులో పాట ఆగేది. అక్క చేతులు వదిలేసి గిన్నెలు కడగడానికి పోయేది.  ఆ గిన్నెల చప్పుడు పెద్దగా ఉండేది.

ఇదీ మా బావ. నేను రొట్టెల సంచితో పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి కట్టెల కొట్టం ముందు ముక్కాలి పీట మీద కూర్చుని వేట బూట్లకు గ్రీజు రాస్తున్నాడు.

"బావా, విన్నావా?" అన్నాను ఆయాసపడుతూ.

"విన్నా."

"మరి?"

"మరేముంది. బూటు తోలు ఎండిపోయింది."

"నీకు బాధగా లేదా అసలు? ఆ టీవీ వాళ్లు నీ నోటి దగ్గర కూడు..."

ఆయన రోడ్డు వైపు చూశాడు, పక్కింటి కిటికీ వైపు చూశాడు. తర్వాత మొహమంతా విప్పారింది. ఎన్నేళ్లయిందో ఆ మొహం అలా చూసి.

"నెత్తిన పాలు పోసినట్టుందే గుడ్రున్," అన్నాడు మెల్లగా. "ఎవరికీ చెప్పకు."

  ఇంతలో అక్క కాఫీ కెటిలు పట్టుకుని బయటికొచ్చింది. ఆవిడ మొహం కూడా వెలిగిపోతోంది. మా ఉత్తరాది అలవాటు ప్రకారం కప్పుల్లో జున్ను ముక్కలు వేసి, పైనుంచి కాఫీ పోసింది.

"అంటే ఇన్నేళ్లూ ఇష్టం లేకుండానే పంపావా?" అన్నాను.

"మొదట కొన్నేళ్లు ఇష్టంగానే పంపా. ఆ తర్వాత మీకోసం."

"మాకోసమా? మేమెక్కడ అడిగాం?"

"నువ్వు కేకు చేస్తావుగా. నేను పంపకపోతే ఆ కేకు ఏమైపోవాలి?"

కోపం నషాళానికి అంటింది. ఆ పచ్చ కేకు చేయడం నాకు ఎంత అసహ్యమో నాకు తెలుసు, నా వీపుకు తెలుసు. బావ మనసు కష్టపెట్టకూడదని చేస్తున్నాను. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఊరికే రాలేదు.

"ఇక అయిపోయిందిలే," అంది అక్క. "దేవుడే నిబంధన మార్చాడు. సెప్టెంబరులో ఈయన అడవికి పోతాడు. సాయంత్రాలు వాల్ట్జ్ వాయిస్తాడు, పూర్తిగా."

ఆ సాయంత్రమే బావ వేట పెద్ద హోల్గెర్ దగ్గరికి వెళ్లి తన చోటు తనకు కావాలన్నాడట. హోల్గెర్ మనిషి కాదు, గరుకు కాగితం. "ఏడాదికో మాట మీద ఉండే వాళ్లతో వేట సాగదు. ఆ చోటు మా ఉమెయో పట్నం అల్లుడు అడుగుతున్నాడు. ఆగస్టులో పులిసిన చేపల విందు నాటికి నికరంగా చెప్పు. మళ్లీ పాటా గీటా అన్నావంటే ఆ చోటు వాడికి రాసిచ్చేసినట్టే, ఇక అడగొద్దు," అన్నాడట. బావ గాలి పీల్చాడట. ఈసారి అది నిజమైన ఔను.

అక్కడితో కథ కంచికి వెళ్లాల్సింది. కానీ మెల్లో అభిమానుల సంగతి మీకు తెలియదు. నిబంధన ఏది మారినా వాళ్లకు ప్రళయమే. వాద్యబృందాన్ని తీసేసినప్పుడు పాట చచ్చిపోయిందన్నారు. ఫోన్లో గుండె బొమ్మలు నొక్కి ఓటేయమన్నప్పుడు పోటీ పసిపిల్లల పాలైందన్నారు. ప్రతిసారీ ఫిబ్రవరి వచ్చేసరికి మళ్లీ అదే సోఫా, అవే చిప్స్, అవే కేకలు. ఈసారి దేశమంతా ఓట్ల లెక్క గురించి జుట్లు పట్టుకుంటే, మా ఊరు మాత్రం ఒకే ఒక్క ముక్క పట్టుకుంది. మా సీవెర్ట్‌కు అన్యాయం జరిగింది.

మర్నాడే ఆన్నెలి బావ ఇంటికి వచ్చింది. ఆన్నెలి మా శిశుపాఠశాల టీచరు, నలభై దాటిన మనిషి, మా ఊరి మెల్లో మిత్రుల సంఘానికి అధ్యక్షురాలు. సంఘం అంటే పదిమంది, అధ్యక్షురాలంటే కుర్చీలు సర్దే మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేనూ అక్కడే ఉన్నాను.

"ఊరుకోం సీవెర్ట్‌గారూ," అంది. "ఇది మీ ఒక్కరి విషయం కాదు. మామూలు మనిషికి ఆ తలుపు మూసేస్తే ఇక ఎవరు రాస్తారు? వినతి రాశాను. మొదటి సంతకం మీది. మేం పోరాడతాం, మీరు ముందుంటారు కదా?"

నేను బల్ల కింద బావ కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను. బావ ఆ పిల్ల ఎర్రటి కళ్లు చూశాడు, పెదాలు సన్నగా చేశాడు, గాలి పీల్చాడు. సంతకం కూడా పెట్టాడు.

ఆన్నెలి వెళ్లగానే అక్క గిన్నెలు తుడిచే గుడ్డ తీసి ఆయన ఒళ్లోకి విసిరింది.

"తన మీద తనే సంతకం పెట్టుకున్న మొగుణ్ణి నేనెక్కడా చూళ్లేదు!"

"పిల్ల ఏడుస్తుంటే ఏం చేయను?"

"నేను ఏడవనని కదా నీ ధైర్యం," అంది అక్క. 

"అయినా ఏమవుతుంది," అన్నాడు బావ చివరికి. "టీవీ వాళ్లు మన మాట వింటారా? వినరు. సంతకం ఒట్టిదే."

జూన్‌లో ఆన్నెలి కాగడాల ఊరేగింపు పెట్టింది. నిరసన అంటే ఈ దేశంలో కాగడాలు పట్టుకుని నడవాలి, అది పద్ధతి. నవంబరు చీకట్లో అయితే చూడ్డానికి బాగుంటుంది. జూన్‌లో మా దగ్గర సూర్యుడు గుంకితే కదా! సాయంత్రం కాఫీలయ్యాక, నెత్తిన ఎండ మండిపోతుంటే, ఊరంతా కాగడాలు పట్టుకుని నది ఒడ్డున బయల్దేరింది. మంట కనబడదు. పొగ ఒక్కటే కనబడుతుంది. దాని దెబ్బకు దోమలు పోయాయి, అదొక్కటే లాభం. అందరికంటే ముందు మా బావ, నీలం కోటు వేసుకుని, ఒక చేత్తో కనబడని మంట, ఇంకో చేత్తో "మామూలు మనిషికి చోటు ఇవ్వాలి" అన్న అట్ట. చూసినవాళ్లెవరైనా వీరుడంటారు. నేను దగ్గర్నుంచి చూశాను. కసాయి కొట్టుకు నడుస్తున్న గొర్రె మొహం.

"నవ్వు బావా, ఫోటో తీస్తున్నారు," అన్నాను.

"నోర్ముయ్యవే," అన్నాడు. పెళ్లైనప్పట్నుంచి ఆయన నన్ను ఒక మాట అనడం అదే మొదలు.

ఆ ఫోటోయే కొంప ముంచింది. మిట్టమధ్యాహ్నం లాంటి వెలుగులో కాగడాలు పట్టుకున్న ముసలివాళ్లను చూసి దేశమంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వినవాళ్లే పాపం అన్నారు. పాపం అన్నవాళ్లే సంతకాలు పెట్టారు. దక్షిణాదిలో, నగరాల్లో, ఎక్కడెక్కడి అభిమానుల సంఘాలో మా బావ బొమ్మ పెట్టుకుని వాళ్లు కూడా నడిచారు. వాళ్ల కాగడాల సంగతి నాకు తెలియదు. ప్రతి కొత్త సంతకానికీ బావ ఆకలి కొంచెం కొంచెం తగ్గింది. బూట్లు కొట్టంలోనే ఉన్నాయి, రోజూ వెళ్లి చూసొచ్చేవాడు. కక్కలేక మింగలేక అన్నది ఆ వేసవిలో మా బావ కోసమే పుట్టిన మాట.

"చెప్పెయ్," అని అక్క పోరేది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు చెప్తే, పెళ్లాం ఆపించిందంటారు. ఊళ్లో నీకు ముద్ద మింగుడు పడనివ్వరు. నేనే చెప్తా."

"ఎప్పుడు?"

"టీవీ వాళ్లు కుదరదంటారు చూడు. అప్పుడిక చెప్పక్కర్లేదు."

ఆగస్టులో పులిసిన చేపల విందు రోజు వచ్చింది. సభాభవనం వెనక గడ్డి మీద పొడుగు బల్లలు వేశాం. ఉబ్బిన డబ్బాలకు చిల్లు పెడితే వచ్చే ఆ కంపుకు దక్షిణాది వాళ్లు పారిపోతారు, మాకు నోరూరుతుంది. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, పల్చటి రొట్టె. ఊరంతా అక్కడే. బావకు ఒక పక్క అక్క, ఎదురుగా హోల్గెర్, హోల్గెర్ పక్కన కొత్త వేట టోపీ పెట్టుకుని ఆ ఉమెయో అల్లుడు.

రెండో డబ్బా తెరిచామో లేదో, ఆన్నెలి బెంచీ ఎక్కి నిలబడింది. చేతిలో ఫోను.

"ఇప్పుడే వచ్చింది! టీవీ వాళ్లు వెనక్కి తగ్గారు! మామూలు జనం పాటలకు చోటు ఉంచుతున్నారు! పాత గడువే! సెప్టెంబరులో మళ్లీ బొత్తం నొక్కుతున్నాం!"

ఊరు లేచి నిలబడింది. కేకలు, ఈలలు, చప్పట్లు. ఎవరో బావ వీపు మీద ఒకటి చరిచారు, ఆయన నోట్లో దుంప గొంతులో పడింది. నేను అక్క వైపు చూశాను. ఆవిడ చప్పట్లు కొట్టడం లేదు, రొట్టె ముక్కను వేళ్లతో నలిపేస్తోంది. హోల్గెర్ మీసాలు తుడుచుకుని అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బావ చూశాడు.

"సీవెర్ట్‌గారూ, ఒక్క మాట!" అంది ఆన్నెలి. "ఈసారీ పంపుతున్నారు కదా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. పెదాలు సన్నబడటం నేను చూశాను. అయిపోయింది, మళ్లీ పీలుస్తున్నాడు అనుకున్నాను. అప్పుడే అక్క లేచి, గోడ వారన ఉన్న అకార్డియన్ తెచ్చి ఆయన ఒళ్లో దించింది.

"మాట తర్వాత. ముందు వాయించు," అంది. "నేను ఆడతాను."

వచ్చి నా చెయ్యి పట్టుకుంది. బావ వాల్ట్జ్ ఎత్తుకున్నాడు, పాత డాన్సు పందిరి నాటిది. మేమిద్దరం గడ్డి మీద తిరిగాం, ఇంకో నాలుగు జంటలు లేచాయి. ఎప్పట్లాగే సరిగ్గా మూడు నిమిషాలకు ఆయన వేళ్లు ఆగిపోయాయి. మేం కాళ్లు ఎత్తిన వాళ్లం ఎత్తినట్టే ఉండిపోయాం. అలవాటైన జనం చప్పట్లు కొట్టబోయారు.

"ఆపకు!" అని అరిచింది అక్క. మా అక్క అలా అరవడం ఊరు ఎప్పుడూ వినలేదు. "సీవెర్ట్, ఆపావంటే నేను మళ్లీ నీ పాటకు లేవను!"

బావ వేళ్లు మళ్లీ మెట్ల మీద పెట్టాడు. తర్వాత వాయించాడు. మొదట తడబడ్డాడు, ఒకటి రెండు స్వరాలు తప్పాడు, అయినా వాయించాడు. పాట మూడు నిమిషాలు దాటింది, ఎంత దాటిందో ఎవరు చూశారు? దుంపలు చల్లారిపోయాయి. అక్క ఏడుస్తూ ఆడుతోంది, ముక్కు నా భుజానికి తుడుస్తోంది. చివరికి మా కాళ్లు చాలన్నాయి, అప్పుడు ఆగాడు.

ఆగి, అకార్డియన్ పట్టీ తీయకుండానే అన్నాడు. "లేదు."

"ఏం లేదు?" అంది ఆన్నెలి.

"పంపను. నాకు పంపాలని లేదు. ఎన్నేళ్ల నుంచో లేదు. నిబంధన మారిందన్నప్పుడు బతికిపోయాననుకున్నా. మీరంతా ఇంత కష్టపడ్డారు, నన్ను తిట్టుకోండి. కానీ సెప్టెంబరులో నేను మా నాన్న చోట్లో కూర్చుంటా."

  అప్పుడు బల్ల చివర్నుంచి మా పాస్టరమ్మ, ఇప్పుడు బాగా పెద్దావిడ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగింది.

"అంటే ఈ ఏడాది ఆ బొత్తం సభ లేనట్టేనా?"

"లేనట్టేనమ్మా," అన్నాడు బావ.

"హమ్మయ్య," అంది ఆవిడ. "దాని పుణ్యమా అని అడవి పళ్లు కోసుకుని ఎన్నేళ్లయిందో."

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "నిజం చెప్పాలంటే, కిందటేటి పాట నాకూ అంత..." అని మొదలెట్టి పెళ్లాం మోచెయ్యి తగిలి ఆగాడు. "ఆ పచ్చ కేకు తినక్కర్లేదన్నమాట!" అన్నారు ఇంకో మూలనుంచి. నేను ఊరుకుంటానా? "చేసేదాన్ని నేను! తినేవాడివి, నీకేంట్రా కష్టం?" అని లేచాను. ఇక కట్ట తెగింది. ఒకరికొకరు చెప్పుకోవడం, కడుపు చెక్కలయ్యేలా నవ్వుకోవడం. ఆయన మా కోసం, మేం ఆయన కోసం, ఊరంతా కలిసి ఎవరికీ అక్కర్లేని బరువును ఇన్నేళ్లు మర్యాదగా మోశాం.

నవ్వని మనిషి ఒక్కతే. ఆన్నెలి బెంచీ మీదే కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకుంది. చూసి ఒక్కొక్కరం నోరు మూసుకున్నాం. బావ అకార్డియన్ దించి వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"నిన్ను కష్టపెట్టాను తల్లీ. ఇంత పోరాడావు నాకోసం."

ఆన్నెలి తల అడ్డంగా ఊపింది.

"మీకోసం కాదు," అంది.  "ఆ చోటు కోసం. నాకూ పాటలున్నాయి. సొరుగు నిండా ఉన్నాయి. మీరు పంపుతుంటే అదే ఊర్నుంచి నేనెలా పంపను? రిజర్వ్ సీవెర్ట్ మీద పోటీకి దిగింది చూడు, ఎంత పొగరో అనరా? మీరు ఎప్పటికైనా చాలనుకుంటారు, అప్పుడు పంపుదామనుకున్నా. ఇంతలో ఆ తలుపే మూసేశారు."

బావ నోరు తెరిచి ఆవిడ వైపు చూశాడు.

"పిచ్చిదానా, ముందే చెప్పొచ్చుగా!"

"మీరు ముందే చెప్పొచ్చుగా!"

 కాసేపటికి ఆవిడ, "అయితే ఈసారి నేను పంపనా?" అని అడిగింది. బావ గాలి పీల్చాడు. తర్వాత ఆవిడ చెవి దగ్గరికి వంగి అన్న మాట నాకు వినబడింది, ఎందుకంటే వినాలనే నేను దగ్గర నిలబడ్డాను.

"పంపు. కానీ ఊరికి చెప్పకుండా పంపు."

వెనక్కి వచ్చి కూర్చుంటే హోల్గెర్ ఆయన వైపు చేపల పళ్లెం తోశాడు. అల్లుడి భుజం మీంచి చెయ్యి తీసేశాడు. చోటు బావదేనని చెప్పడానికి హోల్గెర్‌కు అంతే చాలు.

ఆన్నెలి పంపిందో లేదో నాకు తెలియదు, అడగను కూడా. సెప్టెంబరు మొదటి సోమవారం మధ్యాహ్నానికి నేను వేట జట్టుకు కాఫీ, రొట్టెలు తీసుకుని అడవికి వెళ్లాను. నెగడు దగ్గరికి వెళ్లకముందే హోల్గెర్ కేకలు చెట్ల మధ్యనుంచి వినబడుతున్నాయి. ఏమైందంటే, కుక్కలు తరిమిన పెద్ద మగ దుప్పి ఒకటి, కొమ్ములు తలుపు రెక్కల్లా ఉన్నదట, సరిగ్గా ఊబినేల అంచు మీంచి, బావకు ఎదురుగా తాపీగా నడిచి వెళ్లిపోయింది. బావ వీపు చెట్టుకు ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"ఒరేయ్ ముసలి దద్దమ్మా!" హోల్గెర్ మొహం కందగడ్డ అయింది. "ఊరంత జంతువురా! నీ బూటు తొక్కుకుంటూ పోయింది! దీనికోసమా చోటు చోటని నా ప్రాణం తీశావు? మా అల్లుడు కళ్లు మూసుకున్నా నీకంటే నయంగా కొట్టేవాడు! పనికిమాలినవాడా, సోమరిపోతా!"

నేను కాఫీ కెటిలు పట్టుకుని భయంగా బావ వైపు చూశాను. ఆయన మొద్దు మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు మెరుస్తుండగా హోల్గెర్ నోటి వైపే చూస్తున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూర్చోవే, విను," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో అందరూ నా మీద జాలి పడ్డారే గానీ ఒక్కరూ తిట్టలేదు."

హోల్గెర్ ఊపిరి కోసం ఆగాడు.

"ఆపకు," అన్నాడు బావ.